ఇంటి కంప్యూటరునకు కాపలా

‘వైరస్’ అను మాటను కొల్లేటి పరిసరముల రైతునకు కంప్యూటరు నేర్పలేదు, రొయ్య నేర్పినది. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చల వ్యాధి కోస్తా రొయ్యల చెరువులపై బడినప్పుడు, కంటికి కానరాని కణమొకటి ఒక పంట కష్టమును వారము పది దినములలో ఎట్లు హరింపగలదో ఈ డెల్టా ప్రాంతము కనులార చూచినది. ఆ దెబ్బ తిన్నవారు క్రమముగా జాగ్రత్తలు నేర్చిరి. సీడును పరీక్ష చేయించి కొనుట, నీటిని వడగట్టి పెట్టుట, పక్క చెరువులో దింపిన వలను కడుగక తమ చెరువులో దింపకుండుట మొదలగునవి అలవాటైనవి. ఇప్పుడు అదే పేరు గల మరియొక తెగులు చెరువుగట్టు దాటి నట్టింటికి వచ్చినది. దాని విషయమున ఆ జాగ్రత్త ఇంకను అలవడలేదు.

ముదినేపల్లి వంటి గ్రామమున నేడు ఇంటి కంప్యూటరు పిల్లల చదువు బల్లమీది వస్తువు మాత్రమే కాదు. పట్టుబడి నాడు శీలావతి ఎన్ని టన్నులు, బొచ్చె ఎన్ని టన్నులు తూగినదో ఆ లెక్క అందులో ఉన్నది. మేత కొట్టునకు ఇవ్వవలసిన బాకీ, గుత్తకు తీసికొన్న చెరువు కాగితములు, పట్టాదారు పాసుపుస్తకపు నకలు, ఆధారు కార్డు ప్రతి, అమ్మాయి పెండ్లి ఫొటోలు కూడ అందులోనివే. హైదరాబాదులోనో, డాలస్ లోనో ఉన్న కుమారునితో ఆదివారపు సంభాషణ దాని ముందే జరుగును. బ్యాంకు పని కూడ దానిమీదనే. 2017 డిసెంబరులో ఏ.పి. ఫైబర్‌నెట్ ఆరంభమైనది మొదలు ఇంటర్నెట్టు తీగ పల్లెలకు మరింత పాకినది. ఇనుప బీరువాకు తాళము వేయనిదే నిద్రపోని గృహస్థుడు ఈ పెట్టెకు తాళమున్నదో లేదో ఎరుగడు.

ఏ యాంటీవైరస్ కొనవలెను, ఫైర్‌వాల్ అనునది వేరుగా కొనవలెనా, ఉచితముగా దొరకునది చాలదా అని అడుగువారు పలువురు కలరు. సమాధానమును ముందే చెప్పి, కారణములను తరువాత వివరింతుము. ఒకటి రెండు కంప్యూటర్లున్న సామాన్య కుటుంబము ప్రత్యేకముగా సొమ్ము పోసి కొనవలసినది చాల తక్కువ. విండోస్‌తో బాటు వచ్చిన కాపలాయే వారికి చాలును, అది మేలుకొని ఉన్నయెడల. అనేక గృహములలో అది మేలుకొని లేదు. కొన్నిచోట్ల దానికి ఎవరో నిద్రమందు పెట్టిరి. నేటి మా ప్రసంగము ముఖ్యముగా ఆ సంగతిని గురించియే.

మొదట రెండు మాటల అర్థము తేల్చుకొందము. ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఒకటి కావు. చేపల చెరువున్నవారికి ఈ భేదము సులభముగా బోధపడును. కాలువ నుండి మోటారుతో చెరువునకు నీరు పెట్టునప్పుడు గొట్టము మూతికి సన్నకన్నుల వల కట్టుదురు. వాలుగ పిల్లయో, కొరమేను పిల్లయో కాలువ నీటితో చొరబడి మన చేపపిల్లలను తినివేయకుండుటకే ఆ ఏర్పాటు. ఆ వలకు చేప ఆరోగ్యముతో నిమిత్తము లేదు. లోనికి రాదగినదేది, రారానిదేది అనుటయే దాని లెక్క. ఫైర్‌వాల్ ఆ వల వంటిది. ఇక చెరువులో విసురు వల వేసి, పైకి వచ్చిన చేపను చేతిలోనికి తీసికొని, మొప్ప లేపి చూచి, పేను పట్టినదా, ఎర్రమచ్చ వచ్చినదా అని పరీక్షించుట మరియొక పని. యాంటీవైరస్ చేయునది ఆ పని. మొదటిది గొట్టము వద్ద, రెండవది చెరువులో. ఒకటి ఉన్నదని రెండవదానిని మానుకొను రైతు ఎవడును లేడు.

కంప్యూటరు వెలుపలి యంత్రములతో మాట్లాడుటకు అంకెలు వేసిన వాకిళ్లు కలవు. వీనిని పోర్టులందురు. ఈ అంకెలు 0 మొదలు 65,535 వరకు ఉండును. నేడు వెబ్ పుటలు సాధారణముగా 443వ వాకిలి నుండి వచ్చును. ఒకే కార్యాలయములోని విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకొనుటకు 445వ వాకిలి ఉపయోగపడును. ఇంట కూర్చున్న ఒంటరి కంప్యూటరునకు ఊరివారందరి కొరకు ఈ 445ను తెరచి ఉంచవలసిన పని లేదు. అయినను తెరచి ఉంచినందువలన ఏమగునో 2017లో లోకమంతయు చూచినది. ఆ సంవత్సరము మే నెల 12వ తేదీన ‘వన్నాక్రై’ అను కీటకము బయలుదేరి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో చొరబడి, వానిలోని ఫైళ్లకు తాళములు వేసి, తాళముచెవికి 300 డాలర్ల విలువ గల బిట్‌కాయిన్ అడిగినది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని వాత బడినవి. ముదినేపల్లి నాడు కృష్ణా జిల్లాలోనిదే; 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట ఏలూరు జిల్లాకు వచ్చినది. దొంగలను పట్టువారి ఠాణాలోనే దొంగ చొరబడినాడని నాడు నవ్వినవారు ఉన్నారు. నవ్వవలసిన సంగతి కాదు. ఆ కీటకము చొరబడుటకు ఎవరును ఏ లేఖను విప్పనక్కరలేదు, ఏ బొత్తామును నొక్కనక్కరలేదు. 445వ వాకిలి దగ్గరకు వచ్చి తలుపు తోయును. తలుపు తెరచుకొన్నయెడల లోనికి వచ్చి, అచ్చటి నుండి పొరుగు యంత్రపు తలుపు తోయును.

ఇందు గమనింపదగిన విషయము మరియొకటి ఉన్నది. ఆ తలుపు గడియలోని లోపమునకు మైక్రోసాఫ్టు సంస్థ మార్చి నెల 14వ తేదీననే విరుగుడు విడుదల చేసి యుండెను. అనగా దాదాపు రెండు మాసముల ముందు. విరుగుడు వేసికొన్న యంత్రములపై ఆ కీటకపు తోపుడు పారలేదు. ఫైర్‌వాల్ 445ను మూసి ఉంచిన చోట అది తలుపు వరకే రాలేకపోయినది. కంప్యూటరు మూయబోవు సమయమున ‘అప్‌డేట్ చేయమందురా?’ అని అడిగినప్పుడెల్ల ‘తరువాత’ అని నొక్కువారు ఈ రెండు మాసముల ముచ్చటను జ్ఞాపకము ఉంచుకొందురు గాక.

ఫైర్‌వాల్‌ను వేరుగా కొనవలెనా అను ప్రశ్నకు ఇప్పుడు వత్తము. విండోస్‌లో 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకు నుండి ఫైర్‌వాల్ తనంత తానే పనిచేయుచున్నది. మనము పిలువకుండ వెలుపలి నుండి వచ్చు దానిని ఆపివేయుటయు, మనము అడిగినదానికి సమాధానముగా వచ్చు దానిని రానిచ్చుటయు దాని సామాన్య ధర్మము. దానిని పాడు చేయునవి సాధారణముగా రెండు. క్రొత్త వైఫైకి తగిలించినప్పుడు ఈ నెట్‌వర్కు ‘పబ్లిక్’ కావలెనా, ‘ప్రైవేట్’ కావలెనా అనునది విండోస్ అమరికలలో ఎంచుకొనవచ్చును. ఇంట్లో ప్రైవేట్ అనవచ్చును. గుడివాడ బస్సు స్టాండులోనో, హోటలులోనో, కళాశాలలోనో పబ్లిక్ అనియే చెప్పవలెను. పేరును బట్టి ‘ఇది పదిమంది వాడునదే గదా, అందరితో పంచుకొందము’ అనుకొనువారు కలరు, అర్థము తలక్రిందు. పబ్లిక్ అనగా ‘ఇచ్చట పరాయివారున్నారు, తలుపులు బిగించుము’ అని ఆజ్ఞ. రెండవది, క్రొత్త ప్రోగ్రాము ఏదైన లోనికి వచ్చు దారి కోరినప్పుడు, అనుమతింతువా అని ఒక చిన్న పెట్టె తెరపై లేచును. ఆటలు ఆడుకొను పిల్లలు దానిని చదువకుండ అనుమతి నొక్కుదురు. మనము స్వయముగా ఆ క్షణమున తెరచిన ప్రోగ్రాము పేరు అందులో కనబడినయెడల ఆలోచింపవచ్చును. మనము ఎరుగని పేరు కనబడినయెడల వలదనుటయే సరి. పని చెడినయెడల తరువాత అనుమతింపవచ్చును గాని, చొరబడినదానిని వెనుకకు పంపుట అంత తేలిక కాదు.

కొల్లేటి మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. సరస్సులో నీరు తగ్గిన వేసవిలో అదే దారిని ఉప్పునీరు ఎదురెక్కి వచ్చును. పోవు దారి యనుకొన్నది వచ్చు దారి యగుట ఈ ప్రాంతమువారికి వింత గాదు. కంప్యూటరు విషయమును అంతే. విండోస్ ఫైర్‌వాల్ లోనికి వచ్చువానిని అడ్డగించును గాని, లోపల నుండి బయటకు పోవు ప్రోగ్రాములను మామూలుగా ప్రశ్నింపదు. లోపల చేరిన దొంగ ప్రోగ్రాము తానే వెలుపలికి కబురు పంపి, ‘నేను అడిగినదానికి సమాధానము’ అను పేరుతో మిగిలిన ముఠాను లోనికి పిలుచుకొనవచ్చును. ధర పెట్టి కొను రక్షణ ప్రోగ్రాములు కొన్ని ఈ బయటకు పోవు దారిని కూడ కాచును. ఇది మంచిదే. కాని అట్టి వానిలో కొన్ని దినమునకు పది ప్రశ్నలు వేయును. పదకొండవ ప్రశ్న నాటికి ఇంటివారు విసుగెత్తి అన్నిటికిని ‘సరే’ అనుచుందురు. చదువు చెప్పు ఉపాధ్యాయుడో, ఇంటి నుండి కంపెనీ పని చేయు యువకుడో దానిని వాడుకొనగలడు. తక్కిన ఇండ్లలో అది ఎక్కువ మేలు చేయదని మా అభిప్రాయము.

ఫైర్‌వాల్‌ను గురించి మాట్లాడునప్పుడు గోడకు తగిలించిన రౌటరు పెట్టెను ఎవరును తలచుకొనరు. నిజమునకు ఇంటి మొదటి గేటు అదియే. ఇంటి యంత్రములు వెలుపలి లోకమునకు కనబడకుండ తన వెనుక దాచుకొనుట దాని స్వభావము. కాని దాని తాళముచెవి ఫ్యాక్టరీలో పెట్టినదే అయియుండును. వాడుకరి పేరు ‘అడ్మిన్’, రహస్యపదమును ‘అడ్మిన్’ అయియున్న పెట్టెలు ఎన్నియో కలవు. తీగ తగిలించుటకు వచ్చిన కుర్రవానిని కూర్చుండబెట్టి, ఆ రహస్యపదమును మార్పించి, మార్చినదానిని ఒక కాగితముపై వ్రాసి బీరువాలో పెట్టుకొనుడు. చెరువు గట్టున దొంగల భయమునకు పెట్టిన కెమెరాకును ఇదే మాట. 2016లో ‘మిరాయి’ అను దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ రహస్యపదములను మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొని, వాని చేత పెద్ద పెద్ద వెబ్‌సైట్లపై దాడి చేయించినది. చెరువు కాచుటకు పెట్టిన కన్ను తనకు తెలియకయే అమెరికాలో ఎవరి తలుపునో బాదినదన్నమాట.

ఇక యాంటీవైరస్. ఇది పనిచేయు తీరు తెలిసినగాని దాని ధర సమంజసమో కాదో తెలియదు. పోలీసు ఠాణాలో పాత నేరగాండ్ర ఫొటోలను గోడకు అంటించినట్లు, తెలిసిన దుష్ట ప్రోగ్రాముల గురుతులను ఒక పట్టికలో ఉంచుకొని, క్రొత్తగా వచ్చిన ప్రతి ఫైలును దానితో పోల్చి చూచుట మొదటి పద్ధతి. పట్టిక పాతదైన పక్షమున క్రొత్త దొంగ దర్జాగా నడచి పోవును. అందుచేత ఆ పట్టిక దినదినము, కొన్ని మారులు గంటగంటకును మారుచుండవలెను. రెండవ పద్ధతి నడవడిని కనిపెట్టుట. ముఖము తెలియనివాడైనను అర్ధరాత్రి గోడ దూకుచున్నయెడల వానిని పట్టవలసినదే గదా! ఒక ప్రోగ్రాము రెండు నిమిషములలో వందలాది ఫైళ్లను మార్చుచున్న పక్షమున, అది తాళములు వేయు జాతిదని అనుమానించి ఆపివేయుట ఈ రెండవ పద్ధతి. నేటి మంచి ప్రోగ్రాములన్నియు రెండింటిని వాడుచున్నవి. అయినను నూటికి నూరుపాళ్లు పట్టునది లేదు. ‘నూరు శాతము రక్షణ’ అని పెట్టెపై అచ్చువేసినయెడల, ఆ అచ్చును బట్టియే ఆ అంగడిని అనుమానింపవచ్చును.

విండోస్ 8 వచ్చిన 2012 నుండి మైక్రోసాఫ్టు తన యాంటీవైరస్‌ను విండోస్‌లోనే చేర్చి ఇచ్చుచున్నది. మొదటి సంవత్సరములలో అది అంత సమర్థమైనది కాదు; నాడు దానిని చులకన చేసినవారి మాట తప్పు కాదు. తరువాత అది బాగుపడినది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారేటివ్స్ అను పరీక్షాసంస్థలు పలు కంపెనీల ప్రోగ్రాములను దుష్ట ఫైళ్ల ఎదుట నిలిపి, ఎన్నింటిని పట్టినవి, నిరపరాధులను ఎందరిని పట్టినవి, యంత్రపు వేగమును ఎంత మందగింపజేసినవి అని లెక్కగట్టి ప్రకటించుచున్నవి. చూచుటకు సొమ్ము చెల్లింపనక్కరలేదు. కొనదలచినవారు కొట్టువాని మాటకంటెను, పత్రికలోని ప్రకటన కంటెను ముందు ఆ పట్టికలు చూడవలెను. అదియు ఒక్క నెల పట్టిక చాలదు. ఏడాది పొడవున నిలకడగా ఉన్నదానిని ఎంచవలెను.

కొనువారిని మేము వలదనము. పిల్లలు ఏ పుటలు చూచుచున్నారో అదుపులో ఉంచవలెనని కోరువారు, చిక్కు వచ్చినప్పుడు ఫోను చేసి అడుగుటకు ఒక మనిషి కావలెననువారు కొనవచ్చును. మన దేశములో తయారగునవి కూడ కలవు. చెన్నైలోని కె7 కంప్యూటింగ్ 1991 నుండి ఉన్నది. పుణె నగరమున క్విక్ హీల్‌ను స్థాపించిన కైలాస్ కాట్కర్ మొదట రేడియోలు, కాల్‌క్యులేటర్లు బాగుచేయు దుకాణములో పనివాడు. రేడియో విప్పి బిగించిన చేయి అచ్చటి నుండి కంప్యూటర్ల మరమ్మతునకు, ఆ మరమ్మతులో పదేపదే ఎదురైన వైరస్ బెడద నుండి దాని విరుగుడు తయారీకి నడచినది. ప్రోగ్రామును తమ్ముడు సంజయ్ వ్రాసెను. మా శ్రోతలకు ఈ సంగతి ప్రియముగానే ఉండునని చెప్పుచున్నాము గాని, ఆ సరుకునే కొనుడని సిఫారసు కాదు.

ఉచితముగా దొరకు వానిని గురించి ఒక హెచ్చరిక. ఉచితముగా ఇచ్చువాడు ఏదో ఒక దారిన సంపాదింపవలెను. లోకప్రసిద్ధమైన అవాస్ట్ అను యాంటీవైరస్ తన వాడుకరులు ఏయే వెబ్ పుటలు చూచుచున్నారో ఆ సమాచారమును సేకరించి, తన అనుబంధ సంస్థ ద్వారా ఇతరులకు అమ్మినదని అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషను ఆరోపించి, 2024 ఫిబ్రవరిలో ఒకటిన్నర కోటి డాలర్లకు పైగా చెల్లింపవలసినదిగా ప్రకటించినది. కాపలావాడే ఇంటి గుట్టు సంతలో అమ్మినట్లు! విండోస్‌లో ఉన్న కాపలా చాలునప్పుడు, మరియొక ఉచితపు కాపలాను తెచ్చుకొనవలసిన అవసరము మాకు కనబడదు.

ఉన్నదాని మీద మరియొకటి తెచ్చుకొనుటలో వేరొక చిక్కును కలదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండు యాంటీవైరస్‌లు ఒకే ఫైలును ఒకేసారి పట్టుకొని పెనుగులాడును. ఒకదాని నడవడి రెండవదానికి దొంగ నడవడిగా కనబడును. యంత్రము నత్తనడక నడచును. క్రొత్త ల్యాప్‌టాపుతో మూడు మాసములకో, ఏడాదికో ఉచితముగా ఒక యాంటీవైరస్ తరచు వచ్చును. అది ఉన్నంతకాలము విండోస్ సొంత కాపలా పక్కకు తొలగి ఉండును. గడువు తీరిన పిమ్మట సొమ్ము కట్టుడని ఆ వచ్చినది దినదినము అడుగుచుండును. ఇంటివారు దినదినము ఆ పెట్టెను మూయుచుందురు. అట్టి దానికి సొమ్ము కట్టుటయో, పూర్తిగా తొలగించుటయో ఏదో ఒకటి చేయవలెను. తొలగించిన పిమ్మట ‘విండోస్ సెక్యూరిటీ’ అను పుటను తెరచి, అచ్చట పచ్చని గురుతులు కనబడుచున్నవో లేదో చూచుకొనవలెను. ఇది రెండు నిమిషముల పని.

కాపలావాడు సమర్థుడైనంత మాత్రమున ప్రమాదము లేదనుకొనరాదు. వీనికి యంత్రపు మూలములలో ప్రవేశము ఉండును గాన, వీని తప్పు పెద్ద తప్పగును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ ప్రపంచములో 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలద్రోసినది. నాడు శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. అది పెద్ద సంస్థల సరుకు, ఇండ్లకు సంబంధింపనిది. అయినను అందరెరిగిన పేరైనంత మాత్రమున తప్పు జరుగదని అనుకొనరాదనుటకు ఈ ఉదాహరణ చాలును.

ఇప్పుడు నిద్రమందు సంగతి. మా దృష్టిలో ఇది అన్నిటికంటె పెద్దది. మన పట్టణములలో కంప్యూటరును విడిభాగములు కూర్చి చౌకగా చేసి ఇచ్చువారు కలరు. విండోస్ ధర కలిసినయెడల గిరాకీ పోవునని, దొంగ విండోస్‌ను ఎక్కించి ఇచ్చుట కొందరి పద్ధతి. దొంగ విండోస్ ‘అసలుదే’ యని నటించుటకు ‘ఆక్టివేటరు’ అను చిన్న ప్రోగ్రామును నడుపుదురు. దానిని నడుపుటకు ముందు యాంటీవైరస్ ఆపుమని ఆ ప్రోగ్రామే కోరును. ఏలయన మెలకువగా ఉన్న యాంటీవైరస్ దానిని పట్టివేయును. ఇక్కడ ఒక్క క్షణము ఆలోచింపుడు. ‘ముందు మీ కుక్కను కట్టివేయుడు, తరువాత లోనికి వత్తును’ అను అపరిచితుని మనము ఇంటిలోనికి రానిత్తుమా? అట్లు రానిచ్చిన యంత్రములో కాపలా మరల మేలుకొన్నదో లేదో చూచువారు లేరు. కొందరు అప్‌డేట్లను సైతము ఆపివేసి ఇత్తురు. కంప్యూటరు బాగుగనే నడచును. అందువలననే అనుమానము రాదు. అటుపైన దుకాణము నుండి డబ్బాలో యాంటీవైరస్ కొని ఎక్కించినను, అది పునాదిలో ఉన్న పామునకు పైకప్పు మీద కాపలా వంటిది. యాంటీవైరస్‌కు ఖర్చు పెట్టదలచిన సొమ్మును అసలు విండోస్ లైసెన్సునకు ఖర్చు పెట్టుడని మేము గట్టిగా చెప్పుచున్నాము. కంప్యూటరు కొనునాడే బిల్లుపై విండోస్ లైసెన్సు ధరను వ్రాయించుకొనవలెను. వ్రాయుటకు కొట్టువాడు వెనుకాడినయెడల విషయము తేలినట్లే. చూచుట, వ్రాయుట, ఇంటర్నెట్టు మాత్రమే కావలసినవారు ఉచితముగా లభించు లినక్స్‌ను కూడ నిరభ్యంతరముగా వాడుకొనవచ్చును.

ఈ సందర్భమున విండోస్ 10 వాడువారికొక మాట. దానికి మామూలు ఉచిత విరుగుళ్లు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. పొడిగింపు పథకములో చేరని యంత్రములు ఆ తేదీ తరువాత బయటపడిన లోపములతోనే నడచుచుండును. యంత్రము విండోస్ 11కు తగినదో కాదో తెలిసికొనుటయే మొదటి పని. ఎంత ఖరీదు గల యాంటీవైరస్ అయినను ఆ లోటును తీర్చజాలదు.

దారులన్నియు మూసినను, మనమే తలుపు తీసి పిలిచినవానిని ఏ ప్రోగ్రామును ఆపలేదు. హైదరాబాదులోని ఏ.పి. మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి 2022 జనవరిలో పన్నెండు కోట్ల రూపాయలకు పైగా దొంగిలింపబడిన వైనము ఇట్టిదే. అంతకు కొన్ని వారముల ముందు ఉద్యోగులకు వంచనతో కూడిన ఈమెయిళ్లు వచ్చినవనియు, వానిని తెరచినందువలన దుష్ట ప్రోగ్రాము లోన చేరినదనియు, రక్షణ ఏర్పాట్లలో లోపములున్నవనియు పోలీసులు దర్యాప్తులో వెల్లడించిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. జీతములిచ్చి మనుష్యులను పెట్టుకొన్న బ్యాంకునకే ఇట్లయినప్పుడు, ‘కరెంటు బిల్లు బాకీ’ యనియో, ‘కిసాన్ సొమ్ము జమ’ యనియో, ‘పెండ్లి శుభలేఖ’ యనియో వచ్చు జోడింపులను సామాన్యుడు ఎంత అనుమానముతో చూడవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. శుభలేఖ అనునది చదువుకొనుటకు వచ్చును. ‘ఇన్‌స్టాల్ చేయుడు’ అని అడుగు శుభలేఖ శుభలేఖ కాదు. ఇది ముఖ్యముగా సెల్‌ఫోనునకు సంబంధించినది, అయినను బ్యాంకు వారి ఓటీపీ వచ్చునది ఆ ఫోనునకే గదా.

యాంటీవైరస్ పేరు చెప్పియే మోసగించువారు కూడ కలరు. ఏదో పుట చూచుచుండగా తెర ఎర్రబడి, గంటలు మ్రోగి, ‘మీ కంప్యూటరునకు వైరస్ సోకినది, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు’ అని కనబడును. మైక్రోసాఫ్టు పంపు నిజమైన హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. ఈ ఒక్క గురుతు చాలును. ఫోను చేసినవారిని తీయని మాటలతో, దూరము నుండి మన కంప్యూటరును నడుపు ప్రోగ్రామును ఎక్కింపజేసి, మన కన్నుల ఎదుటనే బ్యాంకు ఖాతా ఖాళీ చేయుదురు. తెర కదలనియెడల బ్రౌజరును మూయుట, అదియు వీలుపడనియెడల కంప్యూటరు బొత్తామును కొన్ని సెకండ్లు నొక్కిపట్టి ఆపుట తప్ప చేయవలసినది ఏమియు లేదు.

పెన్‌డ్రైవును గురించి చెప్పకున్న ఈ ప్రసంగము అసంపూర్ణమగును. పల్లెలలో తెగులు మోయు చేయి అదే. పిల్లవాడు ప్రాజెక్టు అచ్చు తీయించుటకు జిరాక్సు కొట్టునకు తీసికొనిపోయిన పెన్‌డ్రైవు, అంతకు ముందు అచ్చట గుచ్చిన వందమంది తెగులును ఇంటికి మోసికొని వచ్చును. ఫోల్డర్లన్నియు మాయమై వాని స్థానమున షార్ట్‌కట్‌లు మాత్రమే కనబడుట పలువురి అనుభవములోనిది. కొట్టువానికి ఫైలును ఈమెయిలులో పంపుట మేలు. తప్పనప్పుడు, కొట్టు నుండి వచ్చిన పెన్‌డ్రైవును తెరచుటకు ముందు దానిపై మౌసు కుడి బొత్తామును నొక్కి యాంటీవైరస్ చేత పరీక్ష చేయింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ఆరంభించిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రము’ కంప్యూటరును శుద్ధి చేయు సాధనములను ఉచితముగా ఇచ్చుచున్నది. ఇంట్లో ఉన్న కాపలా పట్టలేదను అనుమానము కలిగినప్పుడు రెండవ వైద్యుని సలహా వలె దానిని ఒకసారి వాడి చూడవచ్చును.

ఇన్నియు చేసిన పిమ్మట కూడ ఒకనాడు తాళము పడవచ్చును. ఆనాడు ఆదుకొనునది ప్రతి యొక్కటియే. విడిగా దొరకు హార్డ్‌డిస్కు నొకదానిని కొని, నెలకొకసారి లెక్కలు, కాగితములు, ఫొటోలు దానిలోనికి ఎక్కించి, ఎక్కించిన వెంటనే తీగ ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియే ఉంచినయెడల కంప్యూటరుతో బాటు దానికిని తాళము పడును. ఏడాదికి యాంటీవైరస్ చందా కట్టువారు ఆ చందాను కొన్నేండ్లు దాచినను ఇట్టి డిస్కు వచ్చును. విండోస్ సెక్యూరిటీ పుటలో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అను ఏర్పాటు కూడ ఉన్నది. మామూలుగా అది ఆపబడి ఉండును. తెరచినయెడల, మనము ఎంచిన ఫోల్డర్లలోని ఫైళ్లను తెలియని ప్రోగ్రాములు మార్చకుండ కాచును. ఒక్కొక్కప్పుడు మంచి ప్రోగ్రామును కూడ ఆపును గాన, చెరువు లెక్కలు వ్రాసికొను ప్రోగ్రామునకు వేరుగా అనుమతి ఇచ్చుకొనవలసి యుండును.

సొమ్ము పోయినదని తెలిసినయెడల 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. జాతీయ సైబర్ నేరముల ఫిర్యాదునకు ఏర్పరచిన సంఖ్య అది. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు పోవుచుండగనే దానిని నిలుపుటకు వారు ప్రయత్నింతురు. మొదటి గంటలలో ఆ సొమ్ము ఇంకను ఏదో ఒక బ్యాంకులోనే ఉండవచ్చును గాన, ‘తెల్లవారిన తరువాత బ్యాంకునకు పోయి మేనేజరుగారిని అడుగుదము’ అని ఆగక, ఆ రాత్రియే ఫోను చేయవలెను. ఫోను చేయుటకు ముందు కంప్యూటరుకు తగిలియున్న ఇంటర్నెట్టు తీగను ఊడదీయుడు, వైఫైని ఆపుడు. కంప్యూటరులో ఉన్నదేదియు చెరపివేయవలదు. దర్యాప్తు చేయువారికి అది అవసరమగును.